చుక్క పేరు పూలమ్మ తమ్ముడు

పోయిన వారం పూలమ్మను నడివీధిలో, పదిమంది చూస్తుండగా, మరదలి నోటికి అప్పగించి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ మనిషి అక్కడే నిలబడి ఉంది. ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

మంజీర ఒడ్డున ఇసుక లారీ కింద పడి లింగం అనే కూలిమనిషి చచ్చిపోయాడు. బండి నడిపింది నేనేనంటూ ఒక జీతగాడు పోలీసుల ముందుకొచ్చి లొంగిపోయాడు. పచ్చి అబద్ధం. స్టీరింగు ముందు కూర్చున్నది లారీల యజమాని రాజేంద్రప్రసాద్ కొడుకు శివప్రసాద్. కళ్లారా చూసినవాడు ఒక్కడే, మన పూలమ్మ తమ్ముడు భూమేశ్. సోమవారం అతను కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అందాకా ప్రాణాలతో ఉండాలి. అందుకని అతన్ని డోంగ్లిలో, భార్య తరఫు పెద్దమ్మ ఇంట్లో దాచారు. అతను అక్కడున్నాడని బాన్సువాడలో తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య భాగ్యవతి, ఇంకొకరు అక్క పూలమ్మ. అయినా బుధవారం మధ్యాహ్నం రాజేంద్రప్రసాద్ మనుషులు ఇద్దరు బైకు మీద డోంగ్లి చేరారు. భూమేశ్ వెనక గోడ దూకి జొన్నచేనులో పడి ఎలాగో బతికి బయటపడ్డాడు.

ఇద్దరికే తెలిసిన మాట శత్రువు చెవిన పడిందంటే ఎవరు చెప్పినట్టు? తను చెప్పలేదని భాగ్యవతికి తెలుసు. ఇక లెక్క తేలడానికి ఎంతసేపు పడుతుంది?

"నువ్వే పట్టిచ్చినవ్ వదినె! తోడబుట్టినోణ్ని పులి నోట్ల వెడ్తివి. ఇగ నా పెనిమిటి ఏడున్నడో నీకు తెల్వనియ్య. నా గడప తొక్కకు," అని దుమ్మెత్తి పోసి తలుపేసుకుంది భాగ్యవతి. మనం అక్కడ ఆపాం.

ఆ తర్వాత ఏమైందంటే, పూలమ్మ ఏడవలేదు. ఆమెకు ఏడుపొస్తే బీడీల చేట ముందు పెట్టుకుంటుంది. ముప్పై ఏళ్లుగా అదే అలవాటు. మొగుడు పోయినప్పుడు కూడా పదోరోజు దాటగానే చేట ఒళ్లోకి తీసుకుందని వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. శనివారం పొద్దున కూడా అలాగే గుమ్మంలో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. మనసు మాత్రం డోంగ్లిలో తిరుగుతోంది.

బుధవారం సంగతంతా డోంగ్లి పెద్దమ్మే ఆమెకు ఫోనులో చెప్పింది. ఆ రోజు పెద్దమ్మ ఇంటికి కరెంటు తీగ తెగింది. భూమేశ్ ఫోను చార్జింగు కోసం పక్కింట్లో పెట్టారు. పక్కింట్లో ఉండేది ఒక మరాఠీ ముసలమ్మ. బైకు మీద వచ్చినవాళ్లు ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా ఆ ముసలమ్మ ఇంట్లోకి చొరబడ్డారు. ఆమె "కోణ్ పాహిజే? కోణ్ పాహిజే?" అని, ఎవరు కావాలంటూ గొంతు చించుకుని అరవబట్టే, ఇవతలి ఇంట్లో అన్నం తింటున్న భూమేశ్‌కు దూకి పారిపోయే వ్యవధి దొరికింది.

పూలమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఓరి దేవుడా! తను నిజంగానే పట్టిచ్చి ఉంటే పెద్దమ్మ ఇల్లు చెప్పేది కదా. వాళ్లు ముసలమ్మ ఇంట్లోకి ఎందుకు పోయారు? అక్కడ మనిషి లేడు, వాడి ఫోను ఉంది. అంటే మనిషి ఎక్కడున్నాడో వాళ్లకు తెలియదు, ఫోను ఎక్కడున్నదో తెలిసింది. పూలమ్మ చేట పక్కకు తోసి, ఒళ్లోని ఆకు దులిపి, తన ఫోను కొంగున కట్టుకుని బస్టాండు దారి పట్టింది.

బస్టాండు ఎదురుగా హుస్సేన్ గడియారాల డబ్బా ఉంది. హుస్సేన్ కళ్లకు చూపు తగ్గాక కూతురు నాజ్నీన్ అందులో కూర్చుని ఫోన్లు బాగుచేస్తోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, డిగ్రీ చదివింది, మాట తక్కువ. పూలమ్మ చెప్పిందంతా విని, ఫోను తీసుకుని లోపలికీ బయటికీ నాలుగుసార్లు నొక్కింది.

"పెద్దమ్మా, గీ మెయిల్ ఎవరిది?"

"మెయిలా? గదేంది బిడ్డా?"

"ఫోన్ తీస్కున్నప్పుడు గోపీచంద్ ఏమన్న అడిగిండా?"

"మెయిల్ ఉన్నదా అన్నడు. నాకేడిది అన్న. నాదే ఏస్తా తియ్, ఫికర్ జెయ్యకు అన్నడు."

"తమ్ముని ఫోన్ గూడ గాడనే కొన్నవా?"

"మూడు ఒక్కనాడే కొన్న. నాకొకటి, వానికొకటి, భాగ్యకొకటి. అగ్గువకిచ్చిండు."

నాజ్నీన్ ముఖం అదోలా అయింది. "ఒక్క మెయిల్ ఎన్ని ఫోన్లల్ల ఏస్తే, అన్ని ఫోన్లు ఏడున్నయో ఆ మెయిల్ తెరిచినోనికి కనవడ్తయ్ పెద్దమ్మా. పటం మీద చుక్కలు చుక్కలు. నీ తమ్ముడు ఒక చుక్క," అంది.

పూలమ్మకు సగం అర్థమైంది. ఆమెకు ఆ సగం చాలు.

ఇక గోపీచంద్ గురించి చెప్పాలి. సెల్‌ఫోన్ల దుకాణం అతనిది, నలభై ఏళ్లవాడు. ముఖానికి పౌడరు, మెడలో సన్నటి గొలుసు, దుకాణంలో దేవుడి పటానికి రోజూ తాజా బంతిపూల దండ. ఊళ్లో మంచి పేరు. ఫోను పోగొట్టుకున్నవాళ్లు ఏడ్చుకుంటూ వస్తే పది నిమిషాల్లో ఎక్కడున్నదో చెప్పేస్తాడు. ఇతగాడికేమన్నా అంజనం తెలుసా అని జనం ముక్కున వేలేసుకునేవారు. తెలిసింది అంజనం కాదు నాయనా, తన సొంత పాస్‌వర్డు!

పూలమ్మ నాజ్నీన్‌ను వెంటబెట్టుకుని వెళ్లేసరికి దుకాణంలో గిరాకీ బాగానే ఉంది. ముందు వరసలో మెహబూబీ నిలబడి ఉంది. నిరుడు పిట్లం బస్సులో ఆమె మరిచిపోయిన ఫోను వెతికిచ్చింది గోపీచందే. అప్పటినుంచి ఆయన పేరు చెబితే ఆమె చేతులెత్తి దువా చేస్తుంది. పూలమ్మ ఆమెను పక్కకు జరిపి, కొంగు ముడి విప్పి, ఫోనును గల్లాపెట్టె మీద టప్పున పెట్టింది.

"నా ఫోన్ల నీ మెయిల్ ఎందుకున్నది గోపీ?"

"నీ ఒక్క ఫోన్లనేనా పూలక్కా? సగం బాన్సువాడ ఫోన్లల్ల ఉన్నది," నవ్వాడు అతను. "మీకు మెయిల్ ఉండకపాయె. పెట్టిస్తే పాస్‌వర్డ్ యాదికుండకపాయె. బీడీలు చుట్టి చుట్టి మీ ఏళ్ల మీద గీతలే లేకపాయె, బొటనేలు వెడితె మిషను గుర్తువట్టకపాయె. నేన్ జెయ్యకుంటె ఎవడు జేస్తడు మీకు?"

"మంచిగ జేసినవ్. ఇగ తెరువ్. చూడాలె."

"ఏం జూస్తవ్? నీకు సమజైతదా గది?"

"నాకు కాకుంటె ఈ పిల్లకైతది."

నాజ్నీన్‌ను చూడగానే గోపీచంద్ నవ్వు ఆరిపోయింది. "ఓహో! ఎదురు డబ్బామె ఎక్కిచ్చి తోల్కొచ్చిందా? ఆమెకు గిరాకీ లేక నా దుకాణం మీద పడ్డది. పో అక్కా, పనిలున్న. బీడీలు చుట్టుకునేటోళ్లకు పటాలు దేనికి?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పూలమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, దుకాణం గడప మీద, దారికి అడ్డంగా చీర సర్దుకుని కూర్చుంది. రోడ్డువైపు తిరిగి గొంతెత్తింది.

"ఓ అక్కలారా, ఓ అన్నలారా! గోపీచంద్ కాడ ఫోన్ కొన్నోళ్లందరు ఇటు రాండ్రి! మీ ఆడివిల్లలు ఏ సందుల తిరుగుతుండ్రో, మీరు ఏ ఇంట్ల పండుకుంటుండ్రో గోపీచంద్ జేబుల ఉన్నదంట! రాండ్రి, చూస్కపోండ్రి!"

బీడీ ఖార్ఖానాలో నలభై మంది మధ్య మాట్లాడి అలవాటైన గొంతు అది. ఆటోవాళ్లు తలలు తిప్పారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే ఇటు నడిచారు.

"ఏయ్, ఏందక్కా గీ లొల్లి! ఇజ్జత్ తీస్తవా?" గోపీచంద్ గల్లాపెట్టె దాటి వచ్చాడు.

"తెరువ్. నోరు మూస్త."

అతను పళ్లు కొరికాడు. జేబులోంచి ఫోను తీసి, ఏదో నొక్కి, విసురుగా నాజ్నీన్ చేతిలో పెట్టాడు. "చూసుకో. నాకేం భయం? ఒక్కనాడన్న ఎవరికన్న తప్పు జేసిన్నా?" అన్నాడు.

నాజ్నీన్ తెర పైకి జరుపుతూ పోయింది. పేర్లు, పేర్లు, పేర్లు. ఎవరి ఫోను పోయినా వెంటనే వెతకడానికి వీలుగా ఒక్కోదానికి కొన్నవాళ్ల పేరు పెట్టుకున్నాడు మహానుభావుడు. నూట నలభై మూడు. పాల సాయిలు. టైలరు గంగామణి. చర్చి వెనక మేరీ. పటం మీద వాళ్లందరూ చుక్కలై బాన్సువాడ సందుల్లో మెదులుతున్నారు.

మెహబూబీ మెడ సాచి చూసింది. "మెహబూబీ బిడ్డ అని ఉన్నది. గిది మా తహ్రీమా?"

"అవ్ ఆపా. నిజామాబాద్‌ల, హాస్టల్‌ల ఉన్నది చుక్క," అంది నాజ్నీన్ మెల్లగా.

"నా బిడ్డ గీ గడియ ఏడున్నదో గోపీచంద్‌కు కనవడ్తదా?"

"అరె ఆపా, నేనెందుకు జూస్త?" అన్నాడు గోపీచంద్. "నీ ఫోన్ గూడ ఇట్లనే గద దొర్కవట్టిచ్చిన!"

"జూస్తవా అని అడగలే. కనవడ్తదా?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. మెహబూబీ ముందుకు దూకింది. ఏడాదిగా దువా చేసిన చేతులతోనే అతని చొక్కా పట్టుకుంది. "తూ! నీకు పెండ్లీడు పిల్లల్లేరా రే? లేరా?" అని నిలదీస్తుంటే విడిపించడానికి ఇద్దరు ఆటోవాళ్లు రావాల్సి వచ్చింది.

పూలమ్మకు ఈ గోలేదీ వినిపించడం లేదు. ఆమె చూపు జాబితాలో ఒక్క పేరు మీద నిలిచిపోయింది. "పూలమ్మ తమ్ముడు." ఆఖరుసారి కనిపించిన చోటు డోంగ్లి. బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది.

కొన్ననాడు గోపీచంద్ అడిగాడు, ఈ ఫోను ఎవరికక్కా అని. చెప్పకపోతే ఏం పోయేది? చెప్పింది. మా తమ్మునికి, ఊర్లె ఉండడు కొన్నొద్దులు, రోజు మాట్లాడాలె గద అని గర్వంగా చెప్పింది. తమ్ముడికి కొనిపెట్టానన్న సంతోషంతో పక్కనున్న ఇద్దరికి కూడా వినబడేలా చెప్పింది. భాగ్యవతి అన్న మాట అబద్ధం కాదన్నమాట!

"పెద్దమ్మా, గిది జూడు." నాజ్నీన్ వేలు జాబితా చివర ఆగింది. "రాజేంద్రప్రసాద్ అని ఉన్నది. గంత పెద్ద మనిషి నీ కాడ అగ్గువ ఫోన్ కొన్నడా గోపన్నా?"

దొంగకు తేలు కుట్టినట్టు అయింది గోపీచంద్ పని. చొక్కా గుండీలు సర్దుకుంటూ అటూ ఇటూ చూశాడు.

"చెప్పు," అంది పూలమ్మ. గడప మీది నుంచి లేచి వచ్చి అతని ముందు నిలబడింది. "చెప్పకుంటె ఈ జనానికే నిన్ను ఇడిచిపెట్టి పోత."

"డ్రైవర్లకని ఇరవై ఫోన్లు కొన్నడక్కా. లారీలు ఏ దాబా కాడ ఆపుతుండ్రో నాకు కనవడాలె అన్నడు. అంత పెద్ద గిరాకి, కాదంటానా? గీ మెయిలే ఆయన ఫోన్ల ఏసిచ్చిన. ఆయన డ్రైవర్లనే జూస్కుంటడనుకున్న... అమ్మతోడు, నీ తమ్ముని సంగతి నాకు తెల్వది!"

"ఆయనకు ఊరంత కనవడ్తదని తెల్వదా నీకు?"

"యాదికి రాలే."

యాదికి రాలేదట! ఒకడి ప్రాణం జొన్నచేనులో పడి పాకింది, ఈయనకు యాదికి రాలేదట. పూలమ్మ చెయ్యి లేచింది. చెంప పేలిన చప్పుడు బస్టాండు దాకా వినిపించింది. ఎవరూ అడ్డం రాలేదు.

"ఇప్పుడే పాస్‌వర్డ్ మారుస్త! ఇప్పుడే!" అంటూ గోపీచంద్ ఫోను లాక్కోబోయాడు. నాజ్నీన్ చేతిని వెనక్కి తీసుకుంది.

"ఆగు! మారిస్తే ఆయనకే కాదు, మనకు గూడ ఏం కనవడది. పెద్దమ్మా... ఆయన చుక్క కదులుతున్నది."

పూలమ్మ వంగి చూసింది. రాజేంద్రప్రసాద్ పేరున్న చుక్క పిట్లం దాటి పెద్ద కొడప్‌గల్ దారిలో ఉంది. దానికి ముందు, కొడప్‌గల్ అంచున, ఇంకో చుక్క మెల్లగా పోతోంది. నాజ్నీన్ దాన్ని నొక్కితే పేరు పైకి వచ్చింది. పూలమ్మ మరదలు.

భూమేశ్ కొత్త చోటు పూలమ్మకు చెప్పనన్న భాగ్యవతి, ఇప్పుడు సద్ది కట్టుకుని స్వయంగా ఆ చోటికే పోతోంది. కొంగులో అదే దుకాణంలో కొన్న ఫోను. వెనక రాజేంద్రప్రసాద్.

"వంద నంబరుకు కొట్టు బిడ్డా!"

నాజ్నీన్ తన ఫోను తీసి అప్పటికే కొట్టేసింది. బండి పంపుతున్నారు, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. పటంలో రెండు చుక్కల మధ్య దూరం పది నిమిషాలు కూడా లేదు. పూలమ్మ మరదలికి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. భాగ్యవతి కట్ చేసింది. మూడోసారి ఎత్తింది.

"భాగ్యా! ఏడున్నవే? ఆడికెల్లి..."

"చూసినవా!" అవతల భాగ్యవతి గొంతు కసిగా నవ్వింది. "ఎత్తంగనే ఏడున్నవనే అడగవడ్తివి. ఎవలు అడగమన్నరు వదినె? పక్కన ఉన్నడా ఆయన?"

"కాదే, ఇనవే! ఫోన్ల..."

పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా, స్విచాఫ్ చేసినప్పటిలా, రికార్డు గొంతు రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. భాగ్యవతి ఆమె నంబరునే బ్లాక్ చేసిందని నాజ్నీన్ చెప్పింది. తన ఫోను నుంచి తనూ చేసి చూసింది. తెలియని నంబరు భాగ్యవతి ఎత్తలేదు. పటం మీద "పూలమ్మ మరదలు" ఆగిపోయింది. చేరాల్సిన చోటు చేరినట్టుంది.

"ఒక్క దారున్నది పెద్దమ్మా," అంది నాజ్నీన్. "పోయిన ఫోన్ దొరికినోళ్లకు కనవడేతట్టు, తెర మీద మనం ఒక మాట రాయొచ్చు. ఫోన్ గట్టిగ మోగుతది, తాళం పడ్తది, మాట కనవడ్తది, కింద ఒత్తితె నీ నంబరుకు ఫోన్ వస్తది. ఆమె సదువుతదా?"

"ఏడు దాక సదివింది."

"ఏం రాయాలె? తొందరగ చెప్పు."

జాగ్రత్త అని రాస్తే నమ్మదు. రాజేంద్రప్రసాద్ వస్తున్నాడంటే, బయటికి రప్పించడానికి వదినె వేసిన ఎత్తు అనుకుంటుంది. నేను చెప్పలేదు, ఒట్టు అంటే అసలే నమ్మదు. ఈ లోకంలో భాగ్యవతి పూలమ్మ గురించి నమ్మే మాట ఒక్కటే ఉంది. ఆ మాట తప్పని నిరూపించడానికే కదా పూలమ్మ పొద్దున చేట వదిలి ఇంత దూరం వచ్చింది. చుట్టూ సగం బాన్సువాడ నిలబడి ఉంది. రేపు ఈ మాట ఇంటింటికీ పోతుంది. పోతే పోనీ, వాడు బతకాలి.

"రాయ్ బిడ్డా," అంది. ఒక్కొక్క మాటా స్పష్టంగా చెప్పింది. "నీ పెనిమిటిని పట్టిచ్చింది నేనే. ఇప్పుడు గూడ నేనే పట్టిచ్చిన. రాజేందర్ వస్తుండు. ఫోన్ ఆడనే పారేసి ఉరుకుండ్రి. ఇట్లు, పూలమ్మ."

జనంలో ఎవరో నోరు నొక్కుకున్నారు. నాజ్నీన్ తలెత్తి ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, టైపు చేసి నొక్కింది.

"పోయిందా?"

"పోయింది పెద్దమ్మా. ఆమె ఫోన్ మోగుతున్నది."

ఇక అందరూ ఆ చిన్న తెర మీదకు వంగారు. మెహబూబీ పెదవులు కదులుతున్నాయి. గోపీచంద్ చెంప పట్టుకుని మూలన నిలబడ్డాడు. రాజేంద్రప్రసాద్ చుక్క కొడప్‌గల్ మొదటి ఇళ్లు దాటింది, రోడ్డు దిగింది, ఏదో సందులోకి తిరిగింది. "పూలమ్మ మరదలు" మాత్రం ఉన్న చోటునుంచి కదల్లేదు. ఆయన చుక్క దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. చివరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, రెండూ ఒక్క చుక్కలా నిలబడిపోయాయి.

"ఆమె కదల్లే పెద్దమ్మా," అంది నాజ్నీన్ ఏడుపు గొంతుతో.

ఫోను ఉన్న చోట మనిషి ఉండాలని లేదని పొద్దున గుమ్మంలో కనిపెట్టింది పూలమ్మే. ఆ మాట నిజం కావాలని ఊరిలోని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ, రెప్ప వేయకుండా ఆ చుక్కనే చూస్తోంది. అప్పుడే గల్లాపెట్టె మీద ఆమె ఫోను మోగింది. తెర మీద పేరు, భాగ్య.

పూలమ్మ ఎత్తి చెవికి ఆనించింది.

"బాగ రాసినవ్ పూలమ్మా," అన్నది ఒక మగ గొంతు.